తొంభై రోజుల తలుపు

91వ రోజు

ఈ ఉదయం నా తలుపు గోడ అయిపోయింది.

అలంకారంగా అనడం లేదు. అలంకారాలు నాకు చేతకావని ముప్పై ఏళ్లుగా నా వ్యాసాలు చదివి తిట్టుకుంటున్నవాళ్లకు తెలుసు. ఆరు గంటలకు తలుపు నాలుగు అంచుల నుంచీ ఇనుప కమ్మీలు బండలోకి దిగిన చప్పుడైంది. పైన ఎప్పుడూ వెలిగే పచ్చ చుక్క ఆరిపోయింది. తోశాను, కదల్లేదు. తన్నాను, బొటనవేలు వాచింది.

మా లోనూరులో ఊరేగింపులు లేవు. పైన ఎండకు తాళలేక మా తాతలు బండ కిందికి దిగి తొలుచుకున్న ఊరిది. నడవల్లో ఇద్దరు పక్కపక్కన నడిస్తే మూడోవాడికి చోటుండదు, నూరుమంది గుమిగూడితే గాలి చాలదు. అందుకని ఇక్కడ కోపం వచ్చినవాళ్లు బయటికి రారు. తలుపు మూసుకుని లోపల కూర్చుంటారు. దాన్ని బిగింపు అంటాం. ఒక నడవలో పది తలుపులు బిగుసుకుంటే సభ వణికేది. ఇప్పటిదాకా గొట్టాల కార్మికులదే రికార్డు, డెబ్బై ఒక్క రోజులు. దాన్ని దాటేశానని నిన్నటిదాకా మురిసిపోయాను.

ఎందుకు బిగించానో కూడా రాస్తాను. లోనూరులో ప్రతి వస్తువులోనూ ఒక గింజ ఉంటుంది, ప్రతి మనిషి మణికట్టులోనూ ఉంటుంది. ఏ పని జరిగిందో గింజ చెబుతుంది, పట్టిక రాసుకుంటుంది. తొంభై రోజులు తన పని చేయని వస్తువుకు పేరు రాలిపోతుంది. చేస్తున్న పనిని బట్టి కొత్త పేరు వస్తుంది. నా బట్టల పెట్టె మీద రోజూ కూర్చునేదాన్ని, మూత తీయడం మరిచాను. అది కుర్చీ అయింది, ఇక మూత రాదు. నా ఉన్నికోటు అందులోనే ఉండిపోయింది. మనిషికి మాత్రం పేరు మారొచ్చు గాని రాలకూడదని చట్టంలో ఒక మినహాయింపు ఉంది. ఇప్పుడు దాన్ని కొట్టేసే బిల్లు సభకు వస్తోందట. వస్తువుకున్న గడువే మనిషికీనట. మంచాన పడినవాడు, ముసలివాడు, మతి చెదిరినవాడు తొంభై రోజులు దాటితే పేరు లేనివాడు. పేరు లేనివాడికి ఏ తలుపూ తెరుచుకోదు.

దానికి నిరసనగా నేను తలుపు బిగించాను. తొంభై రోజులు తెరవలేదు. తొంభై రోజులు తెరుచుకోనిది తలుపెట్లా అవుతుందని పట్టిక తనను తాను అడిగి, తనే జవాబు చెప్పుకుంది.

ఆ తొంభై రోజుల చట్టం రాసిన ఘనులెవరంటారా? నేనే. బందెల రూతు, బడిపంతులమ్మ, వయసు యాభై మూడు.

92వ రోజు

బువ్వగూడు ఒక్కటే మిగిలింది. తలుపు పక్కన గోడలో చిన్న కంత. జానెడు ఎత్తు, జానెడున్నర వెడల్పు. రోజుకు మూడుసార్లు గిన్నె వచ్చి పోతుంది కాబట్టి అది ఇంకా గూడే. కాంటీను వంటామె తిరుపాలమ్మ అందులోంచి ముఖం సగం చూపించింది.

"ఏందక్కా, పచ్చదీపం ఆరిపోయిండాదే?"

"తలుపు గోడయింది తిరుపాలమ్మా."

"ఓయమ్మో! నువ్వు రాసిన దాని పనేనా?"

"నేను రాసిన దాని పనే."

"బాగనే రాసినావు పో." గిన్నె లోపలికి తోసింది. "సంగటి కాలతాంది. ఆ కోపంలో నోరు కాల్చుకోవాకు."

బిల్లు గెలిస్తే మొదట పేరు పోయేవాళ్లలో ఆమె మొగుడు సుబ్బరాయుడు ఒకడు. బండ దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగి రెండేళ్లుగా మంచం మీదే ఉన్నాడు. అయినా ఆమె ఇంతవరకు నా ముందు ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. జోకులేస్తుంది. నాకు జోకులు చిరాకు.

94వ రోజు

పట్టిక గుమాస్తా ఓబులేసు వచ్చాడు. ఎనిమిదో తరగతిలో నా దగ్గరే చదివాడు. గూడు ముందు గొంతుకూర్చున్నాడని అతని మోకాళ్లను బట్టి తెలిసింది.

"నమస్కారం టీచరమ్మా."

"నమస్కారం సరే. తలుపు తీయించు."

"తలుపేది టీచరమ్మా?"

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు. 

"కోత మిషను తెచ్చి కొయ్యిరా."

"గోడ మీద పెడితే అది తిరగదు. గోడంటే పైకప్పు మోసేది గదా. సభ తీర్మానం కావల్ల." గొంతు సవరించుకున్నాడు. "మీరే చెప్పినారు. ఏడో సూత్రం. పేరు ఎవడబ్బ సొత్తూ కాదు. పేరు కూలి. పని చేసిన రోజుకే దక్కుతుంది."

ఒక్క అక్షరం తప్పు పోలేదు. బట్టీ పట్టించింది నేనే.

"సభ ఎప్పుడు?"

"మీ బిగింపు లెక్కన నూట ఇరవై ఒకటో రోజు. ఆ బిల్లు కూడా ఆ పొద్దే."

"సరే. ఇరవై ఏడు రోజులు. ఉంటాను. నేను అంతకన్నా మొండిదాన్ని."

అతను లేవలేదు. మోకాళ్లు కదిలాయి.

"ఏందిరా, చెప్పు."

"తలుపు లేంది గది కాదు టీచరమ్మా. డొల్ల. డొల్ల ముప్పై రోజులుంటే పూడ్చేయల్ల, పైన బండ కుంగుతాదని. మీది నూట ఇరవయ్యో రోజు పడింది. గాలి గొట్టంలోనే రాతిపొడి బురద వదుల్తారు."

"లోపల నేనున్నాను!"

"డొల్లలో మనుషులుండరు. ఉంటే అది గది."

"ఉన్నాను కదరా!"

"గదైతే తలుపుండల్ల గదా టీచరమ్మా." అతని వేళ్లు గూడు అంచు పట్టుకున్నాయి. "మీ గింజ కనపడతానే ఉండాది. పట్టిక దాన్ని పొరపాటని రాసుకుంటాంది. నేను రెండు అర్జీలు పెట్టినా. రెండూ సభకే పోతాయి."

సభ నూట ఇరవై ఒకటో రోజు. బురద నూట ఇరవయ్యో రోజు. ఈ రెండు తేదీల మధ్య ఎవడి దుర్మార్గమూ లేదు. దుర్మార్గుడు ఉంటే ఎంత బాగుండేది! వాడిని తిట్టి బతికేదాన్ని.

97వ రోజు

మూడు రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను. ఇవాళ శత్రువులను తిడతాను, కాస్త విశ్రాంతిగా ఉంటుంది.

నా చట్టానికి ముందు పాత పట్టిక ఉండేది. పుట్టుక పట్టిక. ఏది ఎందుకు చేయబడిందో అది ఎప్పటికీ అదే, ఎవరు ఎవరికి పుట్టారో వాళ్లు ఎప్పటికీ వాళ్లే. మా అమ్మ ఎస్తేరు పేరు పక్కన 'ఊడ్పు' అని ఉండేది. ఆమె చీపురు పేరు పక్కన కూడా 'ఊడ్పు' అనే ఉండేది. మనిషికీ పనిముట్టుకూ ఒకే మాట, దండగ ఎందుకనేమో. బడి తలుపు అమ్మకు సాయంత్రం గంట కొట్టాకే తెరుచుకునేది, అదీ చేతిలో చీపురుంటేనే. కుట్టు మిషను ఆమె కాలి కింద తిరిగేది కాదు. అమ్మకు కుట్టడమంటే పిచ్చి. చేతి సూదితో మా గౌన్లకు కుట్టిన అల్లికలు చూసి పై నడవ ఆడవాళ్లు దొంగిలించావా అని అడిగారు.

నేను పన్నెండేళ్లు కొట్లాడాను. బిగింపులు చేశాను, కరపత్రాలు రాశాను, నడవలో ఉమ్ములు వేయించుకున్నాను. చట్టం గెలిచిన రోజు మిషను మా అమ్మ కాలి కింద తిరిగింది. తొంభై రోజులు కుట్టాక ఆమె పేరు పక్కన 'కుట్టుపని' అని పడింది. కుట్టుగది తలుపు చీపురు లేకుండా తెరుచుకుంటే, నమ్మకం చాలక, ఏడుసార్లు లోపలికి వెళ్లి ఏడుసార్లు బయటికి వచ్చింది మా అమ్మ.

కాబట్టి నా సూత్రం చెడ్డదని ఎవరైనా అంటే ఈ గూట్లోంచి చెయ్యి పెట్టి చెంప పగలగొడతాను. అది మంచి సూత్రం. మంచిదై ఉండి ఇరవై మూడు రోజుల్లో నన్ను చంపబోతోంది. రెండూ నిజమే. ఏం చేసుకుంటారో చేసుకోండి.

99వ రోజు

గది పొడవు తొమ్మిది అడుగులు, వెడల్పు ఏడు. ఇదివరకు ఇంత చిన్నదిగా ఉండేది కాదు. బిగింపులో ఉన్నప్పుడు లోపల ఉండడం నా ఇష్టం. ఇప్పుడూ అదే మంచం, అదే దీపం, అవే పుస్తకాలు. ఇష్టం ఒక్కటే పోయింది. అది పోగానే గోడలు నాలుగూ ఒక్కో అడుగు ముందుకు వచ్చాయి.

గాలి గొట్టం నోటికి చీర కుక్కి చూశాను. పావుగంటలో తల తిరిగింది. తీసేశాను.

101వ రోజు

వరదరాజులు గారు దయచేశారు. పుట్టుక పక్షం పెద్ద. ఇరవై ఏళ్లుగా నన్ను 'ఆ పంతులమ్మ' అనడమే గాని పేరు పెట్టి పిలవని మనిషి. గూడు ముందు స్టూలు వేయించుకుని కూర్చున్నారు.

"అమ్మా రూతమ్మా, ఏమిటీ ఘోరం? మీ అంతటి మనిషికి ఈ గతా?"

"మీకు బాధగా ఉన్నట్టుందే."

"ఎందుకుండదు? సిద్ధాంతాలు వేరైనా మనుషులం కదా." గూట్లోంచి ఒక కాగితం లోపలికి జారింది. "ఒక్క సంతకం. మీరు చట్టం రాసినవారు. రాసినవారే దాన్ని వెనక్కి తీసుకుంటే సభ తీర్మానం అక్కర్లేదు. పావుగంటలో తలుపు తెరుచుకుంటుంది."

చదివాను. ఒకటే వాక్యం. 'ఏ వస్తువైనా దేనికి పుట్టిందో దానికే చెందును. వాడుక వలన దాని స్వభావము మారదు.'

"తలుపు తలుపుగా పుట్టింది, అవునా కాదా?" అన్నారు. "తెరిచినా తలుపే, మూసినా తలుపే. తొంభై రోజులు నిద్రపోతే సింహం పిల్లి అవుతుందా? ఇంత చిన్న విషయం ఒప్పుకోవడానికి మీకేమిటమ్మా అభ్యంతరం?"

వాదనలో బలముంది. అందుకే ఒళ్లు మండింది.

"వరదరాజులు గారూ, ఈ తలుపు రంగు కింద ఏముందో తెలుసా?"

"ఏముంది?"

"మొన్న గోళ్లతో గీకాను. ఎర్ర రంగు. దాని మీద తెల్ల అక్షరాలు, 'మదనప', తర్వాత రేకు తెగిపోయింది. మన తాతలు పైనుంచి తెచ్చిన ఇనుమంతా ఎక్కడిదనుకున్నారు? ఇది బస్సు. మీ లెక్కన పుట్టుక మారదు కాబట్టి ఇది ఇప్పటికీ బస్సే. ఎక్కండి, మదనపల్లె దాకా పోయొద్దాం."

బయట నవ్వు వినబడింది. తిరుపాలమ్మ.

ఆయన నవ్వలేదు. "బస్సుకు ముందు అది ఇనుము తల్లీ," అన్నారు నెమ్మదిగా. "ఇనుముకు ముందు ఇంకేదో. ఎక్కడో ఒకచోట ఆగాలి కదా."

"ఎక్కడ ఆగాలో ఎప్పుడూ మీరే చెబుతారు. అదే నా అభ్యంతరం."

"కాగితం ఉంచుతాను. పంతొమ్మిది రోజులు చాలా దూరం, చాలా దగ్గర." స్టూలు ఎత్తించుకుని వెళ్లిపోయారు.

102వ రోజు

కాగితం దిండు కింద పెట్టాను. అబద్ధమెందుకు, నిన్నటి నుంచి నాలుగుసార్లు కలం మూత తీశాను.

"పెట్టేయక్కా," అంది తిరుపాలమ్మ మధ్యాహ్నం. "పెట్టి బయటికి రా. వచ్చినాక మళ్ల కొట్లాడుదువు. నీకు అది తప్ప ఇంకో పని వచ్చునా?"

"నువ్వు కాంటీనుకు రాకముందు ఏం చేసేదానివి?"

ఆమెకూ మా అమ్మకూ పాత పట్టికలో ఒకే మాట.

"నేను ఈ కాగితం మీద సంతకం పెడితే ఎల్లుండి నీ చేతిలో గరిట లాక్కుంటారు. చీపురిస్తారు."

గూడు అంచు మీద ఇనుము తగిలిన చప్పుడు. టంగ్, టంగ్. ఆలోచిస్తూ గరిటతో కొడుతోంది.

"అక్కా."

"ఏం?"

"ఇదేంది?"

"గరిట."

"దీంతో నేను మట్టి తవ్వితే?"

"అయినా గరిటే. తొంభై రోజులు గరిట పని మానేస్తేనే..."

ఆగిపోయాను. పేరుకు తొంభై రోజుల ఓపిక పెట్టింది నేనే. ఒకరోజు జ్వరం వచ్చి పని మానేస్తే పేరు పోకూడదని పెట్టాను. పలుగు గోడ మీద లేస్తే పట్టిక ఆపుతుంది. కోత మిషను ఆగుతుంది. అన్నం వేళ బువ్వగూడు దగ్గర గరిట ఆడితే ఎవరాపుతారు? గరిట ఉండాల్సిన చోటే ఉంది, ఉండాల్సిన వేళకే ఉంది.

"పద్దెనిమిది దినాలు గదా ఉండేది," అంది తిరుపాలమ్మ. "దినానికి మూడు పూటలు. గూడు చుట్టూ ఉండేది బండ కాదక్కా, సున్నంలో అదిమిన రాళ్లు. మా నాయన కట్టినాడు, నాకు తెలుసు. బండ అంతా అవతల."

"తిరుపాలమ్మా, ఇది చట్టాన్ని మోసం చేయడం."

"అవునా?" అంది. "నేను వడ్డిస్తాండా అనుకుంటినే."

105వ రోజు

అట్లకాడే మేలు. దాని మొన పల్చగా ఉంటుంది, సున్నంలోకి దిగుతుంది. బయట నలుగురు కాంటీను ఆడవాళ్లు వంతులవారీగా గీకుతున్నారు. లోపల నేను చెంచాతో. ఊడిన రాళ్లు ఖాళీ సంగటి బానల్లో ఎంగిలి కింద బయటికి పోతున్నాయి. పూట అయిపోగానే ఆపేయాలి. వేళకాని వేళ గరిట అక్కడ ఉంటే గింజ చెప్పేస్తుంది.

గోడ మూరెడు మందం. నాలుగు రోజులకు గూడు నాలుగు వేళ్ల ఎత్తు పెరిగింది, అదీ బయటి అంచున మాత్రమే.

పూటకూ పూటకూ మధ్య ఏమీ చేయలేక కూర్చోవడం తవ్వడం కన్నా కష్టం.

108వ రోజు

ఓబులేసు భోజనం వేళకే వచ్చాడు. చెంచా ఒడిలో దాచుకున్నాను.

"తిరుపాలక్కా, ఈ గూడు దగ్గర ఒక్క మనిషికి నలభై నిమిషాలు వడ్డిస్తాండారని పట్టికలో పడింది."

"టీచరమ్మ శానా తింటాది నాయినా."

"నలుగురు వడ్డిస్తాండారు."

"ఒకరు సంగటి, ఒకరు పప్పు, ఒకరు ఊరిబిండి. నాలుగో ఆమె మంచి మాటలు చెప్తాది. ఒంటిగా ఉండే మనిషి గదా, పాపం."

అతని చెప్పుల కింద సున్నపు రవ్వ నలిగిన చప్పుడు నాకు వినబడింది. అతనికీ వినబడి ఉంటుంది. వంగి గూట్లోకి చూశాడు. నా కళ్లూ అతని కళ్లూ కలిశాయి. నా జుట్టంతా సున్నం.

"అట్లకాడ మొన అరిగిపోయింది గదక్కా," అన్నాడు ఆమెతో, చూపు నా మీదే ఉంచి. "కొత్తది కావల్నంటే అర్జీ పెట్టు. వంట సామాన్లకు సభ పని లేదు."

వెళ్లిపోయాడు. ఈ పిల్లవాడికి నేను లెక్కల్లో నూటికి ముప్పై ఆరు వేశాను.

113వ రోజు

పని మధ్యలో వాదన. మొదలుపెట్టింది ఆమె.

"మా ఆయన ఏ పనీ చేయల్యా అక్కా, రెండేండ్లాయ. సభలో నిలబెట్టి అడిగితే ఏం చెప్పల్ల? పొద్దన్నే నేను గడప దాటేటప్పుడు 'జాగ్రత్తే' అంటాడు. ఆ ఒక్క మాట అనేదానికి అంత దూరం నుంచి ఊపిరి తెచ్చుకుంటాడు. అది పనేనా?"

అవును, అది కూడా పనే అని నా నోటి చివరిదాకా వచ్చింది. ఎంత చక్కటి వ్యాసం అవుతుందో కూడా కళ్ల ముందు కదిలింది. 'మమకారమూ శ్రమే.' పేరు, ఉపశీర్షిక, అన్నీ.

మింగేశాను. అది పనే అని నేను నిరూపిస్తే సుబ్బరాయుడు బతుకుతాడు. ఎల్లుండి ఆ మాట కూడా అనలేని ఇంకొకడు చస్తాడు. నేను మళ్లీ వాడి కోసం ఇంకో పని వెతకాలి. కళ్లు ఆర్పడం పని, ఊపిరి తీయడం పని. నిరూపించుకుంటూ పోతాను, వాళ్లు గీత జరుపుకుంటూ పోతారు. వరదరాజులు 'ఎందుకు పుట్టావు' అని అడిగాడు. నేను వాడిని దించి 'ఏం చేస్తున్నావు' అని అడిగాను. నువ్వెవరో నిరూపించుకో అనే ఆ కుర్చీని మాత్రం కదిలించలేదు. అందులో నేనే కూర్చున్నాను. ఇరవై ఏళ్లు హాయిగా కూర్చున్నాను.

"ఏందక్కా పలకవు?"

"అది పని కాదు తిరుపాలమ్మా."

అటువైపు గరిట ఆగిపోయింది.

"పని కాకపోయినా సుబ్బరాయుడు ఉండాలి," అన్నాను. "దీన్ని ఎట్లా నిరూపించాలో నాకు తెలియదు."

"నిరూపించేది ఏముండాది? నాకు కావల్ల." మళ్లీ గీకడం మొదలుపెట్టింది. "నీకు శానా చదువు ఎక్కువైపోయిందక్కా."

117వ రోజు

కింది అంచున ఒక రాయి. తలంత ఉంది. రెండు అట్లకాడలు వంగిపోయాయి. తల దూరుతోంది, ఒక చెయ్యి దూరుతోంది, రెండో భుజం దూరడం లేదు. మూడు పూటలు రాయి చుట్టూనే పోయాయి.

కాగితం దిండు కింద నుంచి తీసి చదివాను. మళ్లీ పెట్టాను.

119వ రోజు

వరదరాజులు గారి మనిషి వచ్చి అడిగి వెళ్లాడు. సంతకం లేదన్నాను. అనేటప్పుడు గొంతులో వీరత్వమేమీ లేదు. చావడం నాకిష్టం లేదు. ఇది రాసి పెట్టండి. సిద్ధాంతం కోసం నవ్వుతూ చచ్చిందని రేపు ఎవడైనా రాస్తే వాడు అబద్ధాలకోరు.

రాయి కదులుతోంది. ఊగుతోంది గాని ఊడడం లేదు. సాయంత్రం పూట అయిపోయింది. గరిటలు వెళ్లిపోయాయి. గాలి గొట్టం లోపల ఏదో బిగిస్తున్న చప్పుళ్లు.

120వ రోజు

కాంటీను సామాను గదిలో కూర్చొని కుడిచేత్తో రాస్తున్నాను. ఎడమ భుజం జారింది.

పొద్దున పూట ఇంకా రాకముందే బురద మొదలైంది. ముందు గొట్టం దగ్గింది, తర్వాత గాలి ఆగింది, తర్వాత బూడిదరంగు ముద్ద దబ్బున నేల మీద పడింది. చల్లగా ఉంది. పాదాలు, చీలమండలు, పిక్కలు. నా కరపత్రాల కట్టలు మొదట తేలాయి, తర్వాత మునిగాయి. ఈ పుస్తకాన్ని మాత్రం గూట్లోంచి నడవలోకి విసిరాను. అరిచానో లేదో గుర్తులేదు. అరిచానని తిరుపాలమ్మ అంటోంది.

బువ్వ గంట కొట్టడంతోనే వాళ్లు వచ్చారు. నేను లోపలి నుంచి కాలితో తన్నాను, వాళ్లు బయటి నుంచి గరిటల కాడలు దూర్చి ఎత్తారు. రాయి ఊడి నడవలో పడింది.

"తల పెట్టక్కా!"

తల, కుడిచెయ్యి, కుడిభుజం. ఎడమది పట్టేసింది. బురద నడుము దాకా వచ్చి వెనక నుంచి నన్ను లోపలికి పీలుస్తోంది.

"ఊపిరి వదులు! ఊపిరి వదుల్తే సన్నబడతావు!"

"వదిలితే మళ్లీ తీసుకోలేను!"

"ఈ పొద్దు కూడా వాదనేనా నీ యమ్మ!"

నా మెడ మీద వెచ్చగా ఏదో పడింది. వేరుశనగ నూనె. కాంటీనుకు వారానికిచ్చే డబ్బా మొత్తం నా మీద కుమ్మరించింది. నలుగురూ నా కుడిచెయ్యి పట్టుకున్నారు. ఊపిరి వదిలాను. భుజంలో టక్కుమంది. గోడ నా వీపు తోలు ఉంచుకుని మిగతాది వదిలేసింది.

నడవ నేల మీద పడి ఉన్నాను, నూనె, సున్నం, నెత్తురు. వెనక గూట్లోంచి బూడిదరంగు బురద నెమ్మదిగా పొర్లి ఆగిపోయింది.

"చూడండే," అంది తిరుపాలమ్మ మిగతావాళ్లతో, రొప్పుతూ. "వడ్డించేది పోయి, వేయించేదానికి తయారుచేసినాం."

నవ్వొచ్చింది. నవ్వితే భుజం చంపేసింది.

121వ రోజు

సభ తలుపు ముందు నేల మీద కూర్చొని రాస్తున్నాను. లోపల బిల్లు మీద మాటలు నడుస్తున్నాయి, వినబడుతున్నాయి.

నాకు ఏ తలుపూ తెరుచుకోవడం లేదు. పొద్దున మొదటి తలుపు దగ్గర మణికట్టు పెట్టాను. ఎర్ర చుక్క వెలిగింది, పక్కన అక్షరాలు వచ్చాయి. 'పూడిక.' నూట ఇరవయ్యో రోజు డొల్ల నిండింది. దాంట్లో ఉన్నదంతా పూడికే. పట్టిక లెక్క సరిగ్గానే ఉంది. సుబ్బరాయుడికి ఏం జరగబోతోందో అది నాకు ఒకరోజు ముందే జరిగింది.

ఇక్కడిదాకా ఏడు తలుపులు. ఏడింటికీ తిరుపాలమ్మ తన చెయ్యి పెట్టి నన్ను లోపలికి లాగింది. ఈ ఎనిమిదోది ఆమెకూ తెరుచుకోదు. సభ్యులకే.

"ఇప్పుడెట్లక్కా?"

లోపల ఎవరో అంటున్నారు, వస్తువుకొక న్యాయం మనిషికొక న్యాయం ఏమిటని. ఆ వాక్యం నాదే, ఇరవై రెండేళ్ల కిందటిది. దాన్ని నేను వాడినప్పుడు దాని పని వేరు.

కుడిచేతి పిడికిలితో తలుపు మీద కొట్టాను. ఒకసారి. రెండుసార్లు.

మాటలు ఆగిపోయాయి. ఈ ఊళ్లో తలుపులను కొట్టడం ఎవరూ చూసి ఉండరు. తలుపే గింజ చూసి, వచ్చిందెవరో చెప్పి, తెరుచుకుంటుంది కదా.

"ఏం చప్పుడది?"

"గొట్టం పగిలిందేమో చూడండి."

మళ్లీ కొట్టాను. అడుగులు దగ్గరగా వచ్చాయి. ఓబులేసు గొంతు.

"ఎవరూ?"

లోనూరులో ఈ ప్రశ్న విని ఎన్నేళ్లయిందో. ఏం చెప్పను? పంతులమ్మననా? పాఠం చెప్పి నాలుగు నెలలు దాటింది. చట్టం రాసినదాన్ననా? ఎస్తేరు కూతురిననా? అది పుట్టుక. బతికినదాన్ననా? పట్టిక కాదంటోంది.

"చెప్పక్కా," అని తిరుపాలమ్మ మోచేత్తో పొడిచింది. "నీకు మాట దొరక్కపోయేది నేనిదే చూడ్డం."

"ఎవరంటే పలకరేం?"

"తీసి చూడు," అన్నాను.

ఎవరో వద్దంటున్నారు, తలుపు ఎర్ర చుక్క చూపిస్తోందంటున్నారు. వరదరాజులు గారి గొంతులా ఉంది. ఈ తలుపుకు లోపలివైపు చేత్తో తిప్పే ఇనుప చక్రం ఒకటుంది, కరెంటు పోతే పనికొస్తుందని పాతవాళ్లు బిగించింది. నా ఎరుకలో దాన్ని తిప్పినవాళ్లు లేరు. పట్టికలో దాని పేరు ఎప్పుడో రాలిపోయి ఉంటుంది, కానీ దాన్ని ఆపే తాళం పట్టికకు లేదు.

తిరుగుతోంది, కిర్రుమంటూ.